అయిదో చుక్క

“దుకాణం మూసింది మీరేనా అత్తమ్మా?”

“నేనే. దీపం పెట్టినంక ఇంట్ల నుంచి పసుపు బయటికిస్తరా? మీ అవ్వ నేర్పలేదా?”

“మా అవ్వ దాక పోకుండ్రి. హుజూరాబాద్ పెండ్లోళ్లు ఇయ్యాల రాత్రి ఫోన్ల చూసి పసుపు ఆర్డరిస్తమన్నరు. ఏం చూస్తరు? ఆడ అంతా తెల్లగుంది.”

“పొద్దుగాల మళ్ల తెరువు.”

“మీరు మూయలే, మొత్తానికే పీకేసిండ్రు.”

ఆ రోజుల్లో, మరీ పాతరోజులేం కాదు, మా కోడలు చొప్పదండిల పసుపు పట్టించి ఫోన్ల అమ్ముడు షురూ చేసిన కొత్తల, ఇంట్ల తెలివిగల్లదాన్ని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. ఇటుక లేదు, గోడ లేదు, అయినా ఆ దుకాణానికి జాగ ఇచ్చినందుకు ఏదో కంపెనీకి కిరాయి కడుతుండె. గాలికి కిరాయి గుంజే తెలివి మా తాతలకు లేకపాయె (ఉంటే నేను పత్తి ఏరపోదునా?). ఆర్డర్లు చూడమని నా చేతికి ఫోనిచ్చింది కోడలే. పొద్దుగూకంగనే షట్టర్ దించుదామంటే ఆ బటన్ ఏడ కనవడలే. ‘తొలగించు’ కనవడ్డది, నొక్కిన. నిజంగనా అని అడిగింది. నేనేమన్న మాట మార్చే మనిషినా? మళ్ల నొక్కిన.

కోడలు కండ్లల్ల నీళ్లు చూసి, కంపెనీతోని నేనే మాట్లాడుత అని ఫోన్ గుంజుకున్న. ఒకటి నొక్కు, రెండు నొక్కు అనలే. పాట పెట్టలే. మనిషే ఎత్తింది, ఎవరో ఆడివిల్ల. నాకు అప్పుడే అనుమానమొచ్చింది. ఫోన్ ఎత్తే కంపెనీ ఎన్నడన్న బతికి బట్టకట్టిందా?

“కిరాయి తీసుకుంటరు, దుకాణం కాయరా?” అని దబాయించిన.

“ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. నిన్నటి దుకాణం నకలొకటి మా దగ్గర దాచి ఉంటది, పెట్టేస్త. అసలెందుకు తీసేసిండ్రు?”

చెప్పిన. నవ్వితే తిడుదామని తయారుగ ఉన్న. నవ్వలే.

“మా అమ్మమ్మ గూడ ఇయ్యదమ్మా. ఆర్డర్ రాత్రి తీసుకుంటం, పసుపు పొద్దెక్కినంక పంపుతమని పైన రాయమంటరా?”

“రాయి. జర పెద్దక్షరాలతోని రాయి.”

చాయ మరిగేలోపట దుకాణం బొమ్మలతోని సహా వచ్చి కూసున్నది. ఎనుకనే ఫోన్ల ఇంకో పంచాది. మా సేవ ఎట్లుంది, అయిదు చుక్కలల్ల ఎన్నిస్తరు అని. మూడు నొక్కిన.

“పాపం గా పిల్ల గంత చేస్తే మూడేనా అత్తమ్మా?”

“అయిదుకు అయిదిస్తే నెత్తికెక్కుతరు. చుక్కలైతేంది, ఊరికే పంచుతమా?”

ఇప్పుడు తలుచుకుంటే, చుక్కల కాడ గూడ పొదుపు చేసిన ఆ ముసలిదాన్ని చూసి నాకే నవ్వొస్తది.

తెల్లారి వాకిలి ఊడ్చి సాన్పి చల్లేసరికి హుజూరాబాద్ పెండ్లోళ్ల ఆర్డర్ వచ్చి ఉన్నది. పొద్దెక్కినంక పసుపు నేనే కట్టి ఇచ్చిన. చేతులు కడుక్కొని కోడలిని ఫోనడిగి, నాలుగో చుక్క నొక్కిన. అయిదోది ఉండనిచ్చిన, మళ్ల పనివడుతదని.