మా క్లాసు వెర్బు, పైడితల్లి

నిన్న పొద్దున్న ఇంటర్జెక్షన్ ఫోన్ చేశాడు.

అంటే మా అప్పన్న. ఏడో తరగతి నుంచి వాడికి మేం పెట్టుకున్న పేరు అదే. వాడి ఫోన్‌లో హలో ఉండదు, "ఓలమ్మో!" అనే మొదలవుతుంది. నిన్న మాత్రం అదీ లేదు.

"ఒసే సత్తెమ్మా... మన వెర్బు ఎల్లిపోనాదే" అన్నాడు.

మొన్న ఆదివారమే పైడి నాతో ఫోన్‌లో గంట సేపు మాట్లాడింది. మోకాళ్ళ నొప్పులకి డాక్టర్ దగ్గరికి వెళ్ళనందుకు నన్ను తిట్టిపోసింది. అలాంటిది, తనే నిద్రలో వెళ్ళిపోయిందట.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఈ వెర్బులూ ఇంటర్జెక్షన్లూ ఏమిటని మా పిల్లలు అడుగుతున్నారు. చెప్తాను.

అరవైల చివర సంగతి. కోటబొమ్మాళి దగ్గర మా ఊరి బడి. ఏడో క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ పైడితల్లీ.

ఇంగ్లీషు మేష్టారు పార్ట్స్ ఆఫ్ స్పీచ్ మొదలెట్టారు. ఎనిమిది పేర్లు. ఒక్కరి బుర్రకీ ఎక్కలేదు. బెత్తం విరిగింది గానీ ప్రొనౌను రాలేదు.

ఇక లాభం లేదని మాలో ఎనిమిది మందిని లేపి తలా ఒక పేరు పెట్టేశారు. ఆయన బోర్డు మీద వాక్యం రాస్తే, ఎవరి మాట దగ్గరికి వాళ్ళు పరిగెత్తి ముట్టుకోవాలి.

ఎవరిదో ఒకరి చెయ్యి పట్టుకోనిదే నడవలేను కాబట్టి నేను కంజంక్షన్. అరుపులకి అప్పన్న ఉండనే ఉన్నాడు. పైడి ఒక్కచోట కూర్చున్న పాపాన పోలేదు. అందుకని అది వెర్బు.

ఆ శ్రావణంలో పైడి బడికి రావడం మానేసింది.

వాళ్ళమ్మ జ్వరంతో మంచం పట్టింది. మా పక్క ఊడుపులకి ఒకరి పొలానికి ఒకరు బదులు వెళ్తారు. నీ మడిలో నాటడానికి నేనొస్తే, నా మడికి నువ్వు రావాలి. ఆవిడ ఎవరికీ బదులు వెళ్ళలేకపోయింది, వాళ్ళ పొలానికీ ఎవరూ రాలేదు. నారు ముదిరిపోతోంది. వానలో తండ్రీ కూతురూ ఇద్దరే నడుం వంచి నాటుకుంటున్నారు.

ఊడుపులయ్యాక వచ్చేస్తుందిలే అనుకున్నాను. వాళ్ళ నాన్న సూరన్న చిన్నాన్న మా ఇంటికొచ్చి మా నాన్నతో అన్న మాట విన్నాక ఆ ఆశ పోయింది.

"ఆడపిల్లకి సదివినకాడికి సాల్లే. ఇంక బడికి పంపీది లేదు."

పైడి రాకపోతే నన్నూ మానిపించేస్తారు. అంతమంది మగపిల్లల మధ్యకి ఒక్కదాన్నే ఎవరు పంపుతారు? మేష్టారి దగ్గరికెళ్ళి ఏడ్చేశాను.

ఆదివారం పొద్దున్నే మేష్టారు పంచె ఎగ్గట్టి, మా అందర్నీ వెంటేసుకుని సూరన్న చిన్నాన్న పొలం గట్టెక్కారు.

"ఏటి మేష్టారూ, ఇలగొచ్చినారు?"

"ఊడుపుకొచ్చాం."

మేం రైతుల పిల్లలం, మాకు నాటడం ఎవరూ నేర్పక్కర్లేదు. మేష్టారికే రాదు. ఆయన నాటినదంతా వెనకాలే పీకి, మళ్ళీ నాటుకుంటూ వచ్చింది పైడి. "మీరు గట్టు మీద కూకోండి మేష్టారూ, మీకు పున్నెముంటాది" అని దండం పెట్టింది.

ఆయన గట్టెక్కి కూర్చుని పాట అందుకున్నారు. ఊడుపు పాట వరసలో నౌను, ప్రొనౌను, అడ్జెక్టివు! మేం వంగి నాటుతూనే వంత పాడాం. పక్క మడుల్లో ఆడాళ్ళు పడీ పడీ నవ్వి, చివరికి వాళ్ళూ గొంతు కలిపారు.

బెత్తానికి రాని ఎనిమిది పేర్లూ బురదలో వచ్చేశాయి. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

సాయంత్రానికి నాట్లయిపోయాయి. సూరన్న చిన్నాన్న మొహంలో మాత్రం సంతోషం లేదు. బదులు తీర్చనివాడు మా ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు.

"ఇన్ని ఇళ్ళకి బదులు పడిపోనాను. ఇంటిది సూస్తే మంచం మీదున్నాది. నానేటి పెట్టి తీర్సీది మేష్టారూ?"

"పిల్లని బడికి పంపు సూరన్నా. రోజుకొకరి బదులు తీరిపోతుంది."

సూరన్న చిన్నాన్న కాలవలోకి దిగి కాళ్ళు కడుక్కున్నాడు. పైడి చేతిలో మిగిలిపోయిన నారుకట్టతో కదలకుండా నిలబడింది. దాన్ని అలా చూడటం నాకు అదే మొదటిసారి.

"సూరన్న బదులు ఎగ్గొట్నాడని ఎవులూ అనకూడదు. రేపట్నించి వస్తాది" అన్నాడు.

మర్నాడు పైడి బడికి వచ్చి, నా పక్కన కూలబడి, "ఇయ్యాల నీ బదులే ఒసే" అంది.

ఆ తర్వాత రోజూ ఒకరి పేరు చెప్పేది. అందరి బదుళ్ళూ తీరిపోయాక కూడా మానలేదు. ఇంకా ఏమిటే అంటే, "ఎప్పటికి ఆపాలో మా అయ్య సెప్పలేదు" అనేది.

అలా చదువుకుంటూ పోయి నరసన్నపేటలో ఇంగ్లీషు టీచర్ అయింది. రిటైరయ్యే దాకా పిల్లలకి అవే ఎనిమిది పేర్లు పెట్టి, అదే ఊడుపు పాట వరసలో గ్రామర్ చెప్పింది. క్లాసు బాగా కుదిరిన రోజు సాయంత్రం నాకు ఫోన్. హలో లేదు, బాగున్నావా లేదు. "ఇయ్యాల నీ బదులే" అనేసి పెట్టేసేది.

నిన్న నేనుండే కొత్తవలస నుంచి బస్సులో నరసన్నపేట వెళ్ళేసరికి దాని వాకిలి నిండా స్టూడెంట్లే. తలలు నెరిసినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "మీరు కంజంక్షన్ గారు కదండీ?" అంది.

అప్పటిదాకా రాని ఏడుపు అక్కడ తన్నుకొచ్చింది.

పైడీ, నీ బదుళ్ళు ఎప్పుడో తీరిపోయాయే పిచ్చిదానా.

ఇప్పుడు మేమే నీకు బదులు పడ్డాం. ఇంతమందిమి. ఎలా తీర్చుకోవాలో చెప్పకుండా పోయావు.

ఇంక పరుగులు చాలు. నడుం వాల్చి చల్లగా పడుకో తల్లీ.

ఇకమీదట నీ ఫోన్ రాదు. నీ పాట నేను పాడుకుంటాలే.