దొరసాని ముందు పళ్లు

పళ్ల మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. పళ్ల డాక్టర్లు పంపే అచ్చుల్లో మైనం పోసి, ఒక్కో పన్నూ నిలబెట్టి, అరగదీసి, నునుపు తేల్చి కట్టుడు పళ్ల సెట్లు చేయడం ఆయన వృత్తి. ఇంటి మెట్లకింద గదే ఆయన పనిచోటు. చేతిలో పనితనం ఉంది, ఆ సంగతి ఆయనకీ తెలుసు. "నా సెట్టు పెట్టుకున్నవాళ్లు చెరుకుముక్క కొరక్కపోతే నన్నడగండి" అని ఎదుటివాళ్లు అడక్కముందే చెప్పేవాడు.

ఆయన భార్య సిటీ బస్సు డ్రైవరు. ఒక సాయంత్రం బస్సు డిపోలో పెట్టి దిగబోతుంటే వెనక సీటు కింద అట్టపెట్టె కనిపించింది. తెరిచి చూస్తే బూడిదరంగు కుందేలు. దానికోసం ఎవరూ రాలేదు. పెట్టెను చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చింది.

"రెండ్రోజులుంచి ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు మేస్త్రి.

ఆ రెండు రోజుల్లోనే అది ఇల్లు పీకి పందిరి వేసింది. మూడో రోజు ఆయన స్టూలెక్కి కూర్చుంది. దిగమంటే కాళ్లు చాపుకుని పడుకుంది. "ఏం దర్జా! దొరసానిగారు దిగరన్నమాట" అని ఆయన వేరే కుర్చీ తెచ్చుకున్నాడు. పేరు అలా స్థిరపడింది. ఎవరికైనా ఇచ్చే మాట మళ్లీ రాలేదు.

దాన్ని ఎందుకు వదిలేశారో నోరు చూడగానే ఆయనకి అర్థమైంది. పైపళ్లూ కిందిపళ్లూ ఒకదానికొకటి ఆనడం లేదు. కుందేలు పళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి, ఒకదాన్నొకటి రాసుకుని అరుగుతుంటాయి. ఆనకపోతే అరగవు. దొరసాని కిందిపళ్లు పెదవి దాటి కొమ్ముల్లా బయటికొచ్చాయి, పైవి లోపలికి చుట్టుకుపోతున్నాయి. పశువుల డాక్టరమ్మ వాటిని కత్తిరించి పంపేది. నెల తిరక్కుండా మళ్లీ అంతే. బుట్టలో దాన్ని పెట్టుకుని మేస్త్రి ఆసుపత్రికి తిరగడం కరెంటు బిల్లు కట్టినంత మామూలైపోయింది.

ఒకసారి డాక్టరమ్మ కత్తెర పక్కన పెట్టేసింది. "కిందిపన్ను నిలువునా చీలింది మేస్త్రిగారూ. చిగురు వాచింది, లోపల చీము పట్టినట్టుంది. ఇంక కత్తిరించి లాభం లేదు. ముందు పళ్లన్నీ తీసేద్దాం."

"అన్నీనా?"

"అన్నీ. పైన పెద్దవాటి వెనక చిన్నవి రెండుంటాయి, వాటితో సహా."

"నేను పళ్లు పెట్టేవాణ్ణి డాక్టరమ్మా. పీకించేవాణ్ణి కాదు. తిండెట్లా తింటుంది?"

"నమిలేవి వెనక పళ్లు. అవి శుభ్రంగా ఉన్నాయి. ముందువి కొరకడానికే. ఆ కొరికే పని మీరు కత్తితో చేసి పెట్టాలి, రోజూ."

ఆయన ఒప్పుకోలేదు. ఇంటికొచ్చాక భార్యతో వాదన పెట్టుకున్నాడు. చిన్న రేకు తొడుగు చేస్తే ఎలా ఉంటుంది, పైపళ్లని కాస్త ముందుకు లాగితే ఎలా ఉంటుంది అని కాగితం మీద గీసి చూపించాడు. ఆవిడ అన్నీ విని, "మీరు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు కదా. ముందు ఆ నాలుగు కాళ్లదాన్ని చూడండి" అంది.

చూశాడు. దొరసాని ఆకు దగ్గరికి వెళ్లింది, మూతి పెట్టింది, ఆకు జారిపోయింది. మళ్లీ పట్టుకోబోయింది, జారిపోయింది. కాసేపు దాన్నే చూసి గోడవైపు తిరిగి కూర్చుంది. ఆకలి చచ్చి కాదు, నొప్పి ఓర్చుకోలేక. మేస్త్రి కాగితం మడిచేశాడు.

"సరే, తీయిద్దాం" అన్నాడు. "కానీ తర్వాత సంగతి మొత్తం నాది. నువ్వు బస్సు చూసుకో, దీన్ని నేను చూసుకుంటా."

ఆ మాట అన్నాక ఆయనకి ఇంకో ఆలోచన లేదు. ఒప్పుకున్న పనిని మధ్యలో తూచి చూసే అలవాటు ఆయనకి లేదు.

ఆపరేషన్ రోజు పొద్దున దానికి తిండి పెట్టాలా వద్దా అని అడిగితే, "పెట్టండి, కుందేలు పొట్ట ఖాళీగా ఉండకూడదు" అంది డాక్టరమ్మ. మత్తు మందుతో ప్రమాదం కొంత ఉంటుందనీ దాచకుండా చెప్పింది. మేస్త్రి తలూపి, బుట్ట అప్పగించి, వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. పక్కన కాలికి కట్టుతో ఒక కుక్క ఆవలిస్తోంది.

ఆసుపత్రి ఎదురుగానే బస్‌స్టాప్. భార్య నడిపే బస్సు ఆ దారినే తిరుగుతుంది. మొదటిసారి ఆగినప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టి కళ్లెగరేసింది. ఇంకా లేదన్నట్టు చెయ్యి ఊపాడు. తిరుగు ట్రిప్పులో ఆగినప్పుడూ అంతే. ఆ తర్వాతసారి బస్సు రాకముందే డాక్టరమ్మ బయటికొచ్చి, "లేచింది. చెవులు కదిలిస్తోంది" అంది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. పరుగున స్టాప్‌కి వెళ్లి నిలబడ్డాడు. బస్సు ఆగగానే రెండు చేతులూ పైకెత్తాడు. ఆవిడ ఒక్క హారను కొట్టింది. ఎందుకు కొట్టిందో తెలియక ముందు సీటులో పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

లోపల స్టీలు గిన్నెలో పళ్లు చూపించారు. మేస్త్రి ఒకటి తీసుకుని వెలుతురుకి పెట్టాడు. విల్లులా వంగి ఉంది. ఇన్నాళ్లూ తను చూసింది గోరంత, దవడ లోపల దాగింది కొండంత. కింద చీలిన చోట నల్లబడి ఉంది. "దీంతోనా ఇన్నాళ్లు తిరిగింది, పిచ్చితల్లి" అన్నాడు, ఎవరితోనూ కాదు.

ఇంటికి తెచ్చాక అసలు పని మొదలైంది. గడ్డిపొడి నీళ్లలో కలిపి, సూదిలేని సిరంజితో నోట్లో వేయాలి. వెంట్రుకంత తేడా లేకుండా పన్ను నిలబెట్టే చేతులు కదా, ఇదెంత పని అనుకున్నాడు. మొదటి సిరంజి చొక్కా మీద పడింది. రెండోది గోడ మీద పడింది. మూడోదానికి దొరసాని ముందు కాళ్లతో ఆయన చేతిని తోసేసింది.

సరిగ్గా అప్పుడే తన సెట్టు కోసం హెడ్‌మాస్టరమ్మ వచ్చింది. రిటైరై ఏళ్లయినా అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు.

"నా పళ్లయ్యాయా నాయనా?" అంది బోసినోటితో.

"రేపిస్తానమ్మా. ఇవాళ దీనికి పళ్లు తీశారు."

"పళ్లు పెట్టే ఇంట్లో పళ్లు తీయించుకుందా! తువ్వాలేదీ? ఇలా ఇవ్వు."

ఆవిడ దొరసానిని తువ్వాల్లో చుట్టి, మూతి మాత్రం బయటికుంచి ఒళ్లో పెట్టుకుంది. "ఎదురుగా పొడుస్తావేమిటయ్యా, ఎవరు మింగుతారు? పక్కనుంచి పెట్టు" అంది. ఆసుపత్రిలోనూ అదే చెప్పారు, కంగారులో మర్చిపోయాడు. బుగ్గ పక్కనుంచి కొంచెం జార్చాడు.

"ఊఁ, మింగు" అంది హెడ్‌మాస్టరమ్మ.

మింగింది. ఆ గొంతుకి ఎదురుచెప్పినవాళ్లు ఎవరూ లేరు మరి.

మర్నాడు మధ్యాహ్నానికి మేస్త్రికి కొత్త కంగారు మొదలైంది. పొద్దుట్నించి దొరసాని కింద పరిచిన గుడ్డ శుభ్రంగా ఉంది. ఒక్క పెంటిక కూడా లేదు. కుందేలుకి పొట్ట కదలడం ఆగితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. అది వీపు వంచి, కళ్లు సగం మూసి ముడుచుకుని ఉంది. చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి బుట్ట పట్టుకుని వెళ్లాడు.

"నొప్పి ఎక్కువై బిగుసుకుంది" అంది డాక్టరమ్మ. ఇంజక్షన్ చేసి, మెడ చర్మం కింద నీళ్లు ఎక్కించింది. "మంచిపని చేశారు, ఆలస్యం చేయలేదు. తినిపించడం మాత్రం ఆపొద్దు. పొట్ట మెల్లగా నిమరండి."

ఆ సాయంత్రం భార్య డ్యూటీ దిగొచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా నేలమీద కూర్చుని దాని పొట్ట నిమిరింది. ఆయన సిరంజి పట్టాడు. ఈసారి ఒక్క చుక్క బయటపడలేదు.

"భయంగా ఉందా?" అంది ఆవిడ.

"ఉంది. అయితే చేసేదేమిటో తెలుసుగా, చేస్తున్నాం. ఇది నిలబడుతుంది, చూడు" అన్నాడు.

తెల్లారి ఆవిడ డ్యూటీకి తయారవుతుంటే వెనక గదిలోంచి కేక వినిపించింది. దువ్వెన జుట్టులోనే వదిలేసి పరిగెత్తింది.

"ఏమైందండీ?"

"పెంటికలు!" అన్నాడు మేస్త్రి, లాటరీ తగిలినవాడిలా గుడ్డ ఎత్తి చూపిస్తూ. "చూడు, ఎంత బాగున్నాయో!"

ఆవిడ నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది. ఆ పూటే దొరసాని, సన్నగా తరిగిన ఆకుపీలికని పెదవులతో అందుకుని, వెనక్కి తోసుకుని నమిలింది. ముందు పళ్లు లేని మూతి గబగబా ఆడింది. ఇంకో పీలిక కోసం ఆయన వేలు నాకింది.

అంతటితో అయిపోలేదు. కొన్ని వారాలకి కింద చిగురులోంచి ఒక పన్ను మొన మళ్లీ తలెత్తింది. వేరు తునక ఒకటి ఉండిపోతే అలా అవుతుందట. ఈసారి మేస్త్రి కాగితం తీయలేదు, వాదించలేదు. "ఎప్పుడు తీసుకురమ్మంటారు?" అని మాత్రం అడిగాడు. అదీ తీయించేశాక నోరు శుభ్రంగా మానింది.

ఇప్పుడు పొద్దున్నే బల్లమీద మైనం వేడెక్కేలోగా ఆయన ఆకులు దారాల్లా తరుగుతాడు, క్యారెట్ తురుముతాడు. అది పళ్లతో ఒళ్లు దువ్వుకోలేదు కాబట్టి బ్రష్షుతో దువ్వుతాడు. దొరసాని ఒళ్లు చేసింది. స్టూలు మీంచి దిగదు.

మొన్నొకరోజు డాక్టరమ్మ పంపిందంటూ ఒక కుర్ర జంట వచ్చింది. వాళ్ల తెల్లకుందేలుకీ అదే జబ్బు. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది. "పళ్లన్నీ తీసేయమంటున్నారు బాబాయ్‌గారూ. దానికి అన్యాయం చేసినట్టవుతుందేమో."

మేస్త్రి దొరసానిని వాళ్ల ముందు దించి, ఆకుపీలిక అందించాడు. అది లాక్కుని నమిలిన వేగానికి కుర్రాడు నోరు తెరిచాడు.

"తీయించండమ్మా, భయం లేదు" అన్నాడు మేస్త్రి. "మొదటి నాలుగు రోజులు కంటికి రెప్పలా చూసుకోవాలి. ఆ తర్వాతంతా కత్తిపనే." కత్తి ఆ అమ్మాయి చేతికిచ్చి, ఆకుల కట్ట ముందుకు జరిపాడు. "ఏదీ, తరుగు చూద్దాం. ఇంకా సన్నగా."