గోళ్లరంగు వేసిన గాలం

నా భార్య పోయాక ఆదివారాలు గడవడం కష్టమైంది. మిగతా రోజులు శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పనికీ, బస్సు ప్రయాణానికీ సరిపోయేవి. ఏదో ఒకటి చేయాలని, ఫోనులో చూసి చిన్న గాలాలకు ఈకలు కట్టడం నేర్చుకున్నాను. కొక్కెం మెడ దగ్గర సీసపు గుండు ఉంటుంది. దాని వెనక పుంజు మెడ ఈకలు, మేక తోక వెంట్రుకలు పెట్టి దారంతో బిగించి చుట్టాలి. పురుగనుకుని చేప కరవాలంటే గుండుకు రంగు కూడా వేయాలి.

అల్మారాలో ఆమె ఎర్ర గోళ్లరంగు సీసా ఉంది. అడుగున కొంచెమే మిగిలింది. చాలా రోజులు దాన్ని ముట్టుకోలేదు. చివరికి మూత తీస్తే, ఆ వాసనకు ఆమె పక్కనే కూర్చుని చేతులు ఆరబెట్టుకుంటున్నట్టు అనిపించింది. రంగు ఒక్క గుండుకే సరిపోయింది.

ఆ ఆదివారం పొద్దున్నే వడమాలపేట దగ్గరి చెరువులో ఆ గాలం వేశాను. మూడోసారికే ఏదో పెద్ద చేప బలంగా లాగింది. గాలపు దారం తెగి, చేపతో పాటు గాలమూ పోయింది.

పక్కన చేపలు పడుతున్న పెద్దాయన నా మొహం చూశాడు.

"పోతే పోనీలేప్పా, ఇంగోటి కట్టుకుందువు."

"ఆ రంగు అయిపోయిందన్నా."

"బజార్లో దొరకదా యేంది?"

"దొరుకుతాది," అన్నాను.

ఆయన చేపలు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. నేను నీళ్లవైపు చూస్తూ ఎండెక్కేదాకా అక్కడే కూర్చున్నాను.