ఉల్లి పెసరట్టు చీటీ

ఆ రోజుల్లో హోటలుకి వెళ్తే ముందు ఒక మనిషి ఎదురొచ్చేవాడు. భుజం మీద తుడిచే గుడ్డ, చేతిలో నాలుగు నీళ్ళ గ్లాసులు, గ్లాసుల్లో నాలుగు వేళ్ళు. (ఆ వేళ్ళ మాట చెబితే నా మనవరాలు మొహం చిట్లిస్తుంది. మేం తాగాం, బతికే ఉన్నాం.) ఏం కావాలని అడిగేవాడు, మనం చెప్పేవాళ్ళం, వాడు వంటింటి వైపు తిరిగి కేకేసేవాడు. మొన్న మనవరాలు నన్ను బెంజి సర్కిల్ దగ్గర ఒక కొత్త హోటలుకి తీసుకెళ్ళింది. చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు, పలకరించే మనిషి మాత్రం లేడు. బల్లకి ఒక గడి అంటించి ఉంది. తెల్ల కాగితం మీద చీమలు చచ్చిపడ్డట్టు నల్ల చుక్కలు. దాని ముందు ఫోను పెడితే ఫోనులోకి టిఫిన్ల పట్టీ దిగింది. "ఇందులో ఏం రాసుందే?" అని అడిగాను. "అది మనం చదివేది కాదు తాతయ్యా, ఫోను చదువుకుంటుంది" అంది. బీటెక్ పాసైన పిల్ల. అంటే దానికీ చదవటం రాదు, నాకూ రాదు, ఆర్డరు మాత్రం వంటింట్లోకి వెళ్ళిపోయింది. "ఈ పద్ధతి మేం ఎప్పుడో నడిపాం" అన్నాను. నమ్మలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

చెప్పుకోవటానికి నాకేం సిగ్గు లేదు, ఇరవై నాలుగేళ్ళు నిండేదాకా నాకు అక్షరం ముక్క రాదు. మాది పామర్రు దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు గేదెలు కాసేవాణ్ణి. గేదెలు బడి వైపు వెళ్ళేవి కావు కాబట్టి నేనూ వెళ్ళలేదు. దేవుడు చదువుకి బదులు గొంతు ఇచ్చాడు. కాలవ ఇవతల నిలబడి పిలిస్తే అవతలి గట్టు మీద గేదె తల తిప్పేది. ఆ గొంతు పట్టుకునే బెజవాడ వచ్చి గవర్నరుపేటలో ఒక టిఫిను హోటల్లో సర్వరుగా చేరాను. ఆరు బల్లలు, ఒక సర్వరు, ఒక మాస్టరు. మాస్టరంటే అట్లు పోసే ఆయన. నేను "మూడుకి ఉల్లి పెసరట్టొకటీ, అల్లం ఎక్కువా" అని కేకేస్తే లోపల్నుంచి "పడింది" అని జవాబొచ్చేది. వారం తిరక్కుండా నాకు మైకు అని పేరు పడింది. చేరేటప్పుడు యజమాని గారు "చదువొచ్చా?" అని అడిగితే "వచ్చండీ" అన్నాను. పెసరట్టు మోయటానికి అక్షరాలతో పనేముందని నా ధీమా.

యజమాని గారు మంచివారే గానీ ఆయనకి పద్ధతి అనే జబ్బు ఉండేది. చెప్పులు విప్పటానికి పద్ధతి, చట్నీ వెయ్యటానికి పద్ధతి. వెనకాల అందరం ఆయన్ని పద్ధతి గారనే అనుకునేవాళ్ళం. ఒకసారి మద్రాసు వెళ్ళొచ్చారు. అక్కడ పెద్ద హోటల్లో సర్వర్లు నోరెత్తకుండా చీటీ మీద రాసి వంటింట్లో ఇస్తున్నారట. వచ్చిన మర్నాడే చీటీల పుస్తకాలు కుట్టించారు. నాకొక పెన్సిలు ఇచ్చి, "ఇక నుంచి అరుపుల్లేవు. ఇదేం సంత కాదు. నువ్వు రాసి ఇవ్వాలి, మాస్టరు చదివి వండాలి, చీటీ ఆ చువ్వకి గుచ్చాలి. చదువు రానివాణ్ణి ఈ హోటల్లో ఒక్క పూట కూడా ఉంచను" అన్నారు. ఒకే ఒక సర్వరూ ఒకే ఒక మాస్టరూ ఎదురెదురుగా ఉన్నచోట ఉత్తరాలెందుకని అడగాల్సింది. అడగలేదు. ఉద్యోగం పోతే మళ్ళీ గేదెల వెనకాలే. మా అమ్మ అప్పటికే ఊళ్ళో అందరికీ, నేను వదిలిపెట్టిన గేదెలకీ కూడా, మా వాడు బెజవాడలో స్థిరపడ్డాడని చెప్పేసింది.

మొదటి రోజు పెన్సిలు చెవి మీద పెట్టుకుని నిలబడితే అచ్చం చదువుకున్నవాడిలాగే ఉన్నాను. కస్టమరు చెబుతుంటే చీటీ మీద గబగబా గీశాను. కాలవలో నీళ్ళు పారినట్టు ఒక గీత, దాని మీద రెండు కొండలు, మధ్యలో ఒక సున్నా. వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళాక అసలు సంగతి గుర్తొచ్చింది. మాస్టరు చదవబోతాడు, నా బతుకు బయటపడుతుంది. అందుకని ఆయన చూసేలోపే తల లోపలికి పెట్టి, "మీ చేతులు పిండిలో ఉన్నాయి కదా మాస్టారూ, నేనే చదివేస్తాను" అని గుసగుసగా మొత్తం ఒప్పజెప్పాను. "చదువు చదువు" అన్నాడాయన. తర్వాత చీటీ తీసుకుని, కళ్ళు చిన్నవి చేసి, మెల్లిగా తలాడించి, "రాత బాగుంది" అన్నాడు.

కనిపెట్టేశాడు, కనిపెట్టి వేళాకోళం చేస్తున్నాడు అనుకున్నాను. కానీ యజమాని గారికి చెప్పలేదు. పైగా ఆ రోజు నా టిఫినులో పెసరట్టు మీద నెయ్యి కారేటట్టు పోశాడు. ఎంత పెద్ద మనసు అనుకుని, ఊరెళ్ళినప్పుడు ఒక కట్ట తేగలు తెచ్చి ఆయనకిచ్చాను. మర్నాడు పెసరట్టులో నెయ్యితో పాటు జీడిపప్పు కూడా పడింది. నేను ఇంకా పెద్ద కట్ట తెచ్చాను. అట్లా చలికాలమంతా ఆయన నాకు నెయ్యి పోశాడు, నేను ఆయనకి తేగలు మోశాను. (నా పొట్ట మొదలైంది అప్పుడే. డాక్టర్లు వేరే కారణాలు చెబుతారు.) ఇంకో విచిత్రం, సాయంత్రం కాగానే చువ్వకి ఉన్న చీటీలన్నీ తీసి మాస్టరే స్వయంగా పొయ్యిలో పెట్టేసేవాడు. నన్ను కాపాడటానికే ఈ శ్రమంతా అని మనసులోనే దణ్ణం పెట్టుకునేవాణ్ణి. పద్ధతి గారు మాత్రం గల్లా దగ్గర కూర్చుని, "చూశారా, ఎంత నిశ్శబ్దంగా ఉందో" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు.

మూడు నెలలు ఇట్లా నడిచాక మా ఊళ్ళో చెడుగుడు పోటీలు పెట్టారు. తెచ్చిన మైకు సెట్టు కాలిపోయింది. "అసలు మైకు మన దగ్గరే ఉండగా అద్దె మైకు ఎందుకురా" అని నన్ను బల్ల ఎక్కించారు. రెండు రోజులు స్కోరు అరిచాను. సోమవారం పొద్దున్న హోటలుకొచ్చి నోరు తెరిస్తే ఏమీ రాలేదు. గుసగుస కూడా లేదు, సైకిలు ట్యూబులోంచి పోయినట్టు గాలి పోతోంది. గొంతు చూపించి, ఈ పూటకి సెలవు కావాలని సైగ చేశాను. యజమాని గారి మొహం వెలిగిపోయింది. "గొంతు లేకపోతే ఏం? చీటీ ఉందిగా. పద్ధతి అనేది ఇట్టాంటి రోజు కోసమే" అని, తన పద్ధతి గెలవటం కళ్ళారా చూడటానికి వచ్చి వంటింటి కిటికీ పక్కనే నిలబడ్డారు.

మొదటి బల్ల దగ్గర బందరు నుంచి వచ్చిన సంసారం. నలుగురికీ ఇడ్లీ అన్నారు. నేను కాలవా కొండా గీసి కిటికీలో పెట్టి, బుగ్గలు రెండూ పూరించి, నాలుగు వేళ్ళెత్తి మాస్టరుకి చూపించాను. "మొహం ఎందుకు ఉబ్బిస్తావు, చీటీ మాట్లాడుతుంది కదా" అన్నారు యజమాని గారు. మాస్టరు చీటీని చూశాడు, నన్ను చూశాడు, యజమానిని చూశాడు. తర్వాత ఏమాత్రం తడుముకోకుండా నాలుగు ప్లేట్ల పూరీ వేశాడు. నా బుగ్గల్లో ఆయనకి పూరీ కనపడింది కాబోలు. ఆ సంసారం మర్యాదస్తులు. "అడిగింది ఇడ్లీ గానీ, పొంగింది చూస్తే వద్దనబుద్ధి కాలేదు" అని తినేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ లోపల రెండో బల్ల దగ్గరికి ప్లీడరు గారు వచ్చారు.

ఈ ప్లీడరు గారికి కడుపులో పుండు. రోజూ అదే బల్ల, అదే మాట: పెసరట్టు, ఉల్లి లేకుండా, మిరప లేకుండా, నూనె చుక్క తగలకుండా. అది వాళ్ళావిడ ఆజ్ఞ. రాశాను, అంటే గీశాను. చేతులు ఆడించటానికి వీల్లేదు, యజమాని గారి కళ్ళు నా మీదే ఉన్నాయి. మాస్టరుకి లోపల్నుంచి ఆ బల్ల కనపడదు. ఆయన చీటీని దీర్ఘంగా చదివి, గుప్పెడు ఉల్లిపాయలూ గుప్పెడు పచ్చిమిరపకాయలూ చల్లి, చుట్టూ నూనె తిప్పాడు. ప్లేటు ప్లీడరు గారి ముందు పెట్టగానే యజమాని గారు పరుగెత్తుకొచ్చారు. ఆ మిరపకాయలు చూసి, వెనక్కి వెళ్ళి, చువ్వ మీది చీటీ పీకి చేతిలోకి తీసుకున్నారు.

"ఇదేం భాషరా?" అన్నారు.

నా దగ్గర గాలి తప్ప ఏమీ లేదు. ఆయన కిటికీ వైపు తిరిగారు. "మాస్టరూ, నువ్వు చదివే వండావా?"

"చదివానండి" అన్నాడు మాస్టరు, అట్లకాడ గుండెలకి పట్టుకుని.

"ఏం రాసుంది?"

మాస్టరు చీటీ అందుకుని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "ఉల్లి పెసరట్టండి. మిరప ఎక్కువ అని కింద గీత కూడా గీశాడు."

"తలకిందులుగా పట్టుకున్నావు" అన్నారు యజమాని గారు. ఆ చీటీకి తలా కిందా లేవని నాకొక్కడికే తెలుసు.

ఆయన నా చెవి మీది పెన్సిలు తీసి నా చేతిలో పెట్టారు. "నీ పేరు రాయి." హోటలంతా తినటం ఆపి చూస్తోంది. ఒక్క ప్లీడరు గారు మాత్రం తింటున్నారు. పెన్సిలు కాగితం మీద ఆనించాను. కాలవ గీద్దామన్నా చెయ్యి కదల్లేదు. గేదెలూ, కాలవ గట్టూ, అమ్మ ఊళ్ళో అందరికీ చెప్పుకున్న మాటా, అన్నీ ఆ పెన్సిలు ములుకు మీదికొచ్చి కూర్చున్నాయి.

వంటింటి తలుపు తీసుకుని మాస్టరు బయటికొచ్చాడు. పిండి చేతులు పంచెకి తుడుచుకున్నాడు. "వాడికి రాదండి. ఎనిమిదేళ్ళ నుంచి మీ పెనం ముందున్నాను, నాకూ రాదండి. తీసేసేట్టయితే ఇద్దర్నీ కలిపి తీసెయ్యండి."

నేను ఆయన్ని పట్టుకుని కుదిపేశాను. ఉన్న గాలంతా కూడగట్టి, "మీకూ రాదా?" అన్నాను.

"తెలీనట్టు అడుగుతావేంట్రా. రోజూ నువ్వే చదివి వినిపిస్తుంటే కనిపెట్టేశావనుకున్నా. నువ్వు బయటపెట్టకూడదని కదా నెయ్యి పోసింది."

"మీరు బయటపెట్టకూడదని కదా తేగలు మోసింది."

యజమాని గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "మరి ఈ మూణ్ణెల్లూ నా పద్ధతి ఎట్టా నడిచిందిరా?" అన్నారు, కోపంగా కాదు, దిగులుగా. నేను నా గొంతు వైపు వేలు చూపించాను.

అప్పుడు రెండో బల్ల దగ్గర్నుంచి ప్లీడరు గారు, "ఇంకొకటి పొయ్యవయ్యా, ఇట్టాంటిదే" అన్నారు. ప్లేటు నాకేసినట్టుంది. కళ్ళల్లో నీళ్ళు, మిరపకాయల వల్లో ఆనందం వల్లో తెలియదు. "నాలుగేళ్ళ నుంచి మా ఆవిడ చెప్పినట్టే తింటున్నాను. ఈ హోటల్లో ఎవరన్నా ఒక్కసారి పొరపాటు చెయ్యకపోతారా అని రోజూ చూస్తున్నాను. ఇవాళ్టికి చేశారు. వీళ్ళని పంపించేస్తే నేను రేపట్నుంచి ఎదురు హోటలుకి పోతాను." ఆయన కోర్టులో ఏ కేసు గెలిచాడో నేనెరగను గానీ, మా కేసు మాత్రం గెలిచాడు.

తీర్పు ఏమిటంటే, ఉగాదికల్లా మేమిద్దరం గోడ మీది టిఫిన్ల పట్టీ మొత్తం చూడకుండా రాయాలి. రాకపోతే అప్పుడు ఊరికి దారి. మధ్యాహ్నం జనం పలచబడ్డాక యజమాని గారే పలక పట్టుకుని కూర్చోబెట్టేవారు. అందరికీ చదువు అ ఆలతో మొదలైతే మాకు ఇడ్లీతో మొదలైంది. ఙ అనే అక్షరంతో ఏ టిఫినూ లేదు కాబట్టి దానికీ నాకూ ఇప్పటికీ పరిచయం లేదు. మాస్టరు ప్రతి అక్షరాన్నీ పెసరట్టు పోసినట్టే మధ్యలో మొదలుపెట్టి గుండ్రంగా బయటికి తిప్పేవాడు. నిజం ఒప్పుకోవాలి, ఆయన రాతే నాకంటే బాగుండేది. ఉగాది రోజు ఇద్దరం ఒక అట్ట మీద రాసి చూపించాం. ఆ అట్టనే గోడకి తగిలించారు, సగం ఆయన రాత, సగం నాది. నెల తిరక్కముందే యజమాని గారు చీటీలు ఎత్తేశారు. మేం ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని రాసి, చదివేసరికి టిఫిన్లు ఆలస్యమవుతున్నాయట. "కేకెయ్యి, కేకెయ్యి" అన్నారు నాతో. మళ్ళీ అరిచాను.

ఇదంతా మొన్న ఆ చల్లటి హోటల్లో కూర్చుని చెబుతుండగా నా పెసరట్టు వచ్చింది. ఉల్లి లేదు, మిరప లేదు, నూనె చుక్క లేదు. ఫోనులో మనవరాలు అట్లా నొక్కిందట, డాక్టరు చెప్పాడని. ఆ ప్లేటు చూస్తే నాకు ప్లీడరు గారే గుర్తొచ్చారు. ఆయన అదృష్టవంతుడు, చుట్టూ పొరపాట్లు చేసే మనుషులుండేవారు. ఈ ఫోన్లు పొరపాటు చెయ్యవు, వాటితో వచ్చిన చిక్కు అదే. మనవరాలు చేతులు కడుక్కోవటానికి లేచి, ఫోనొస్తే మాట్లాడుతూ అక్కడే ఉండిపోయింది. జేబులోంచి పెన్ను తీశాను. (ఆలస్యంగా నేర్చుకున్నవాణ్ణి కదా, పెన్ను లేకుండా వీధిలోకి వెళ్ళను.) చెయ్యి తుడుచుకునే కాగితం మీద 'ఉల్లి పెసరట్టు ఒకటి, అల్లం ఎక్కువ' అని గుండ్రంగా రాసి, ప్లేట్లు తీస్తున్న ఆయన్ని పిలిచి ఇచ్చాను. ముప్పై ఏళ్ళుంటాయి, ఒరిస్సా నుంచి వచ్చాడని మాట యాసను బట్టి తర్వాత తెలిసింది. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు చిన్నవి చేసి, మెల్లిగా తలాడించాడు.

"చాలా బాగుంది సారూ" అన్నాడు.

ఆ తలాడింపు నాకు కొత్త కాదు. "మీ చేతులు ఖాళీ లేవు కదా బాబూ, నేనే చదివేస్తాను" అని అతని చెవిలో చదివి వినిపించాను. మనవరాలు తిరిగొచ్చేసరికి బల్ల మీద పొగలు కక్కుతూ రెండో ప్లేటు ఉంది.

"ఇదెవరు చెప్పారు తాతయ్యా?"

"పొరపాటున వచ్చిందమ్మా" అన్నాను, అప్పటికే మొదటి ముక్క తుంచి అల్లం పచ్చడిలో ముంచుతూ.