సీరియస్ అని చెప్పే ఈరయ్య

నారాయణఖేడ్ బస్టాండు పక్కన ఈరయ్యది రీచార్జి దుకాణం. హైదరాబాద్‌కు కూలికి పోయినవాళ్ళ నంబర్లన్నీ ఆయన దగ్గర ఉంటాయి. ఇంట్లో ఎవరైనా పోతే, ఏడుస్తూ ఫోన్ చేయలేక జనం ఆయన దగ్గరికే వస్తారు. చనిపోయారని ఆయన చెప్పడు. "సీరియస్‌గా ఉంది, జల్దీ రా" అంటాడు. దారి పొడవునా గుండెలు బాదుకోకుండా రావాలని. మా దగ్గర అందరం అట్లాగే చెబుతాం. పోయిన మనిషిని ఫోనులో ఇంకో నాలుగు గంటలు బతికించడం మాకు పెద్ద మర్యాద! నేనూ చేశాను ఆ పని, సిగ్గుపడాలి.

మొన్న వానాకాలంలో సిర్గాపూర్ శివశంకర్ పత్తికి పురుగుమందు కొడుతూ పడిపోయాడు. దవాఖానకు తెచ్చారు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి తెలివి వచ్చింది. చూడటానికి వెళ్ళిన ఈరయ్య చేయి పట్టుకుని, "అక్కను పిలువన్నా, ఒక్కసారి చూస్త" అన్నాడు. డాక్టరేమో ఆశ పెట్టుకోవద్దన్నాడు.

అక్క మల్లీశ్వరి హైదరాబాద్‌లో ఇళ్ళు కట్టే పనిలో ఉంది. ఈరయ్య వెంటనే ఫోన్ చేశాడు.

"చెల్లె, తమ్మునికి సీరియస్‌గా ఉంది. జల్దీ రా."

అవతల గొల్లుమని ఏడుపు, ఆపైన ఫోన్ కట్టయింది. మళ్ళీ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. బతికే ఉన్నాడన్న ఒక్క ముక్క మొదటే చెప్పాలని ఆయనకు తట్టనే లేదు.

దొరికిన బస్సెక్కితే పన్నెండింటికల్లా రావాలి. శివశంకర్ తలుపు వైపే చూశాడు. "అక్క వస్తుందా?" అని అడుగుతూ అడుగుతూ మూడింటికి పోయాడు.

అయిదింటికి మల్లీశ్వరి దవాఖాన ముందు బండి దిగింది. వెంట పది మంది చుట్టాలు, చేతిలో తమ్ముడి మీద కప్పడానికి కొత్త బట్ట.

"ఎప్పుడు పోయిండన్నా? రాత్రేనా?"

"ఇయ్యాల్నే, పగలు మూడింటికి" అన్నాడు ఈరయ్య.

ఆమె అక్కడే కూలబడింది. "నాయిన పోయినప్పుడు గూడ నువ్వు సీరియస్ అనే అన్నవ్. ఉరికొస్తే పీనుగ కనవడ్డది. ఈసారి గూడ అయిపోయిందనే అనుకున్న. అందర్ని జమ చేసుకొని వచ్చిన." తలెత్తి అడిగింది. "నన్ను అడిగిండా?"

"లేదు చెల్లె. తెలివే లేకుండె."

తర్వాత నాకు ఇదంతా చెబుతూ ఈరయ్య ఏడ్చాడు. "మల్ల అబద్ధమే ఆడిన" అన్నాడు. తెలివే లేదన్న ఆ అబద్ధం విని మల్లీశ్వరి ఆయన రెండు చేతులూ పట్టుకుని, "దగ్గరుండి చూసుకున్నవ్, నీ మేలు మరువనన్నా" అందట.