నూలు తాగాల్సిన గంజి

నల్లగొండ నుంచి మర్రిగూడ దిక్కు పోయే బస్సుల కండక్టర్ల మీద నాకొక ఫిర్యాదు ఉంది. పందొమ్మిదివందల అరవైల్లోనే చేయాల్సింది, బద్ధకించాను. టాపు మీద మేకలు, మెట్ల మీద మనుషులు, మనుషుల మీద మూటలు ఉన్నా సరే, "లోపలికి జరుగుండ్రి, జాగా ఉన్నది" అనేవారు. ఎక్కడున్నదో మాత్రం చూపించేవారు కాదు. ఏడో నెల కడుపుతో పురిటికి పుట్టింటికి పోతూ ఆ మాట విన్నాను. దిగిన దగ్గర్నుంచీ విన్నదంతా జాగా లేదనే.

పుట్టిల్లంటే మా అమ్మ తల్లి ఇల్లు. ఆమెను నేను అవ్వా అనే పిలుస్తాను. నాకు ఊహ తెలియకముందే మా అమ్మ రెండో కాన్పులో పోయింది. లోపలి బిడ్డ బాగా పెద్దదై బయటికి రాలేదట. ఇద్దరూ దక్కలేదు. నన్ను సాదింది అవ్వే. మగ్గానికి నూలు కండెలు చుట్టి, కులపోళ్లతో కొట్లాడి, హైదరాబాదులో బి.ఎస్సీ. దాకా చదివించింది. ఆ చదువును తిరిగొచ్చి తన మీదే ప్రయోగిస్తానని అనుకొని ఉండదు.

బయలుదేరే ముందు నల్లగొండలో ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఏడో నెల దాటేసరికి బిడ్డకు కళ్ళు, చెవులు, గోళ్ళు అన్నీ అమరుతాయని, మన గొంతూ ఇంటి చప్పుళ్ళూ వింటుందని చెప్పింది. కొరత ఒక్కటే, కండ. ఊపిరితిత్తులు గట్టిపడేదీ, చర్మం కింద కొవ్వు పట్టేదీ, బరువు పెరిగేదీ ఈ చివరి నెలల్లోనేనట. ఆ కొవ్వే బయటికొచ్చాక ఒంటిని వెచ్చగా ఉంచుతుందట. "బాగా తిను" అని పంపింది. పాఠం అప్పజెప్పినట్టు అవ్వకు అంతా చెప్పాను.

"అది ఒళ్లు జేస్తే బయటికెట్లొస్తదే? తలుపు పెద్దగైతదా?" అంది అవ్వ.

అవ్వ శాస్త్రంలో కడుపు ఒకటే గది. బువ్వా బిడ్డా అందులోనే సర్దుకోవాలి. బువ్వ ఎక్కువైతే బిడ్డ నలుగుతుంది. నలగకపోతే బలుస్తుంది. బలిస్తే తల్లిని మింగుతుంది. వీటికి ఒకదానితో ఒకటి పొంతన లేదని విన్నవించాను. కానీ చదువు నాది, కుండ ఆమెది. పొద్దున ముంతెడు అంబలి, మాపటికి అరచెయ్యంత జొన్నరొట్టె. చుట్టుపక్కల ఇళ్ళన్నిటిలోనూ ఇదే పద్ధతి కనుక, చెప్పుకొని ఏడవడానికి పక్కిల్లు కూడా లేదు. నల్లగొండలో బడిపంతులైన మా ఆయన డిగ్రీ, తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలన్న ఆచారం ముందు, నా డిగ్రీ పనిచేసినట్టే పనిచేసింది.

ఇంట్లో మా మేనమామ, నేలలో తవ్విన గుంటలో కూచొని, గుంట మగ్గం నేసేవాడు. మగ్గం మొదలవగానే లోపలి మనిషి తన్నేది. ఆగితే తానూ ఆగేది. డాక్టరమ్మ చెప్పిన చెవులివేనని అవ్వ చెయ్యి నా కడుపు మీద పెట్టి చూపించాను.

"చెవులున్నయి గద. ఇంకేం గావాలె దానికి?" అంది.

పడుగుకు గంజి పెట్టే రోజు మాత్రం మా ఇంట్లో పండుగే, నూలుకు. తెల్లవారకముందే పెద్ద కుండలో బియ్యపు గంజి చిక్కగా కాచేవారు. వీధి పొడవునా సాగదీసిన నూలుకు దాన్ని పట్టించి కుంచెతో దువ్వేవారు. కడుపునిండా తాగని పోగు మగ్గం మీద నిలవదని అవ్వకు బాగా తెలుసు. ఆ తెలివిని పోగులు దాటనిచ్చేది కాదు. ఎనిమిదో నెలలో ఒక పొద్దున, ఆమె కుంచె కోసం ఇంట్లోకి పోగానే రెండు చెంబుల గంజి తాగేసి, కుండలో రెండు చెంబుల నీళ్లు పోశాను. ఆ పూట లోపల ఒకటే చిందులు.

ఆ పడుగు మగ్గమెక్కాక పోగులు టపటపా తెగసాగాయి.

"ఏం గంజి గాసినవే అమ్మా? నీళ్లకు నీళ్లున్నది. నేసుడు లేదు, ముళ్లేసుడే అయితాంది!" అని గుంటలోంచి మామ అరిచాడు.

అవ్వ నా మొఖం చూసింది. "నూలు తాగే గంజి నువ్వు తాగినవా?"

"నేను గాదవ్వా. లోపలున్నది తాగింది."

మామ నవ్వాడు. అవ్వ నవ్వలేదు. "మీ అమ్మ గూడ గిట్లనే అన్నది" అంది. తర్వాత గంజి కాచిన రోజున కుండ దగ్గరే కూచుంది, కుంచె మామ తెచ్చుకున్నాడు.

పుష్యమాసపు చలిలో పొద్దున నొప్పులు మొదలై పగటి బువ్వ వేళకు కాన్పు అయిపోయింది. "గింత అల్కగ కన్నదాన్ని నేనెన్నడు సూడలే" అని మంత్రసాని మెచ్చుకుంది. అవ్వ నా కాళ్ళు పట్టుకొని భోరున ఏడ్చింది. సంతోషంతోనే.

ఆడపిల్ల. గోళ్ళు, కనురెప్పల వెంట్రుకలు, తలనిండా జుట్టు, డాక్టరమ్మ చెప్పినవన్నీ ఉన్నాయి. చివర్లో చేరాల్సింది ఒక్కటే చేరలేదు. పెద్దవాళ్ళ అంగీ తొడిగినట్టు ఒంటి మీద చర్మం వేలాడేది. రొమ్ము పట్టుకొని పీల్చే ఓపిక లేదు. మంచం కింద కుంపటి పెట్టినా పాదాలు చల్లగానే ఉండేవి. మగ్గం ఆడినప్పుడు మాత్రం పిడికిలి కదిలించేది. ఈ లోకంలో దానికి ముందే తెలిసిన సంగతి అదొక్కటే.

పేరు పెట్టే పురుడు దాకా బిడ్డ ఉండలేదు. పేరు వెతికే పని తప్పింది. ఆ పొద్దు ఎవరూ చెప్పకుండానే మామ మగ్గం ఆపి గుంటలోంచి లేచాడు.

మాపటికి అవ్వ కంచం నిండా వరిబువ్వ పెట్టి, పప్పు వేసి, దాని మీద నెయ్యి పోసి, నా ముందుకు జరిపింది. జాగా ఖాళీ అయిందన్నమాట.

"నేను చెప్తనే ఉంటి గదవ్వా," అన్నాను, "గట్ల మాడిస్తే పిల్ల బతకదని."

అవ్వ నేతిగిన్నె మీద మూత పెట్టింది.

"నేను సాదింది నిన్ను," అంది. "దాన్ని గాదు."