ముత్తెమ్మ తెచ్చిన మాఫీ

నాందేడ్ జిల్లాలో హిమాయత్‌నగర్ దాటి సరిహద్దు వైపు పోతే నల్లరేగడి నేలల్లో ఒక ఊరు. ముత్తెమ్మది ఆ ఊరు. అక్కడ ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. గుడిలో పాట మరాఠీ, పాట అయ్యాక కొట్లాట తెలుగు.

ముత్తెమ్మకు, నర్సన్నకు ఒక్కడే కొడుకు. అమ్మవారు పోసి ఐదో ఏట పోయాడు. ఆ ఏడు ఆషాఢంలో భార్యాభర్తలిద్దరూ ఊరి దిండీతో కలిసి నడుచుకుంటూ పండరికి పోయారు. దిండీ అంటే జెండా పట్టుకొని, తాళాలు వాయించుకుంటూ విఠోబా దగ్గరికి నడిచే జట్టు. ఊరి దిండీకి పెద్ద సీతారాం బువా. పండరిలో ఆయన ఇద్దరి మెడలోనూ తులసిమాల వేశాడు. మాల పడ్డవాళ్ళను మాళ్కరులంటారు. మాళ్కరి మాంసం ముట్టడు, తాగడు, ఏకాదశి నాడు తినడు, పరాయి మనిషి జోలికి పోడు. ఈ కట్టు తప్పినవాడితో కలిసి తినడు, తన ఇంట్లో వాడికి వడ్డించడు.

కొడుకు లేని ఇంట్లో ఆ కట్టే వాళ్ళకు మిగిలింది. దాన్ని ఇద్దరూ బిడ్డను సాకినట్టు సాకారు.

ఊర్లో సగానికి పైగా మాళ్కరి ఇళ్ళే. ఎన్నికలు వస్తే బువా గుడిలో ఒక మాట చెప్పేవాడు. మాల ఉన్నవాడికే ఓటు. అంతకు మించి ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. పక్క ఊరి వెంకట్రావ్ పాటిల్ మెడలో మాల ఉండేది. సప్తాహానికి చెప్పులు లేకుండా వచ్చేవాడు, ముసలివాళ్ళ కాళ్ళకు మొక్కేవాడు. అతడు జిల్లా పరిషత్తుకు ఎన్నికైన ప్రతిసారీ ఆ ఊరి ఓట్లు ఒక్కటి కూడా పక్కకు పోలేదు.

అరవై ఎనిమిదిలో, పత్తి ఏరే రోజులు అయిపోయాక, ఒక ఏకాదశి రాత్రి నర్సన్న భజన మధ్యలో లేచి నిలబడ్డాడు. తాళాలు ఆగాయి. కూలికి వచ్చే శివవ్వతో తాను కట్టు తప్పానని చెప్పాడు. శివవ్వ భర్త బొంబాయి మిల్లుకని పోయి తిరిగి రాలేదు. ఆమె ఒంటరిది. వాళ్ళిద్దరి సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు, ఎవరూ పట్టుకోలేదు. నర్సన్న తన మాల తానే తీసి బువా ముందు పెట్టి కూర్చున్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ రోజు వెంకట్రావ్ పాటిల్ కూడా ఉన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

బువా చాలాసేపు మాల వైపు చూశాడు. దిండీలో నర్సన్నకు ఇక చోటు లేదన్నాడు. ఇంటి సంగతి ముత్తెమ్మను అడిగాడు.

"చెల్లె, ఇంట్ల ఉంచుకుంటవా? నీ మాటనే మా మాట."

ముత్తెమ్మ లేచింది. భర్త వైపు చూడలేదు.

"మాళ తీసినోనికి నా చేతి బువ్వ లేదన్నా."

ఆ మాట చెప్పినందుకు ఊరు ఆమెను గౌరవించింది. కీర్తనల్లో పేరు చెప్పకుండా ఆమె గురించి చెప్పారు. పండరికి పోయేటప్పుడు ఆడవాళ్ళ వరుసలో ముందు నిలబెట్టారు. 

నర్సన్న పశువుల కొట్టంలో ఉన్నాడు. మూడు రాళ్ళు పెట్టి తన రొట్టె తాను కాల్చుకునేవాడు. రొట్టె చేయడం అతనికి రాదు. మాడిన వాసన ఇంట్లోకి వచ్చేది. ముత్తెమ్మ తన ముందున్న కంచంలో చేయి పెట్టి ఆ వాసన పోయేదాకా కూర్చునేది. చలి పోయి ఎండలు ముదిరాక ఒక పొద్దున చూస్తే కొట్టంలో ఎవరూ లేరు. కిన్వట్ పక్కన గోకుందలో కట్టె కోసే మిల్లులో పనికి కుదిరాడని తర్వాత తెలిసింది. ఒక్కడే పోయాడు. శివవ్వ అతని దగ్గరికి చేరింది మరుసటి ఏడు.

డెబ్బై రెండు కరువులో నర్సన్న ఒకసారి వచ్చాడు. భుజం మీద జొన్నల సంచి. ఆమె గడప లోపలే నిలబడి, అవి ఎవరి చేతి జొన్నలో తనకు తెలుసునని, తీసుకుపొమ్మని చెప్పింది. అతను సంచి గోడకు ఆనించి పోయాడు. ఆమె దాన్ని పక్కింటికి ఇచ్చేసింది. ఆ పూట ఆమె ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఇదంతా ఆమె కోపంతో చేయలేదు. కట్టు అందరికీ ఒకటే అనుకొని చేసింది. 

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో మళ్ళీ జిల్లా పరిషత్తు ఎన్నికలు వచ్చాయి. అప్పటికే ఒక మాట తిరుగుతోంది. వెంకట్రావ్ పాటిల్ నాందేడ్‌లో వేరొకరి భార్యను తెచ్చి ఇల్లు పెట్టాడని. ముత్తెమ్మ నమ్మలేదు. ఒక మధ్యాహ్నం పాటిల్ భార్య సుందరబాయి ఆమె గడప ముందు నిలబడింది. నౌకరును బండి దగ్గరే ఆపి ఒక్కతే వచ్చింది.

ఆమె మరాఠీలోనే మాట్లాడింది. విన్నది నిజమేనంది. భర్త ఇప్పుడు నెలకోసారి వస్తాడట, బట్టలు మార్చుకొని పోతాడట. తర్వాత, నువ్వు ఎలా బతికావని ముత్తెమ్మను అడిగింది. రాత్రులు నిద్ర పట్టేదా అని అడిగింది. మొదటి ఏడు పట్టలేదని ముత్తెమ్మ చెప్పింది. ఇద్దరూ నీళ్ళు తాగారు. పోయేముందు సుందరబాయి, ఏకాదశి నాడు వచ్చి గుడిలో అందరి ముందూ చెబుతానంది. ముత్తెమ్మ ఆమె పక్కన నిలబడతానని మాట ఇచ్చింది.

ఏకాదశి కంటే ముందు ప్రచారం జీపు వచ్చింది. బడి ముందు బల్లలు వేసి స్టేజీ కట్టారు. వెంకట్రావ్ పక్కన సుందరబాయి కూర్చుంది, కొంగు తల మీదికి లాక్కొని. విఠోబా భార్య రఖుమాయి ఎలాగో మా ఇంటికి ఈమె అలాగని అతడు మైకులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. ముత్తెమ్మ కొంచెం ముందుకు జరిగి నిలబడింది, కనిపించాలని. సుందరబాయి తల ఎత్తలేదు.

ఏకాదశి నాడు ఆమె రాలేదు. భజన అయ్యాక బువా ఎప్పటిలాగే ఎన్నికల మాట ఎత్తాడు. మాల ఉన్నవాడికే, అన్నాడు. ముత్తెమ్మ లేచింది. మగవాళ్ళ ముందు ఆమె నిలబడి మాట్లాడటం అది రెండోసారి.

"అన్నా, పాటిల్ మాళ తీపియ్యరా?"

బువా తాళాలను గుడ్డలో చుడుతున్నాడు. చుట్టడం ఆపలేదు.

"రాజకీయం ఏరే, చెల్లె. ఆయన లేకుంటె మనకు రోడ్డు లేదు, బాయి లేదు. అవుతలోడు మాళ మొఖమే ఎరుగడు."

"ఆనాడు ఏరే లేకుండె గదా."

"నర్సన్నది ఊరి ముచ్చట. ఇది ఊర్ల జరిగింది కాదు."

వెనక నుంచి భోజన్న అందుకున్నాడు. అతడు ఊరికి హాస్యగాడు, పాటిల్ మనిషి.

"ఒదినా, మొగోళ్లందర్ని గోకుందకు తోలినవనుకో, ఇగ ఈడ తాళం ఎవడు కొడ్తడు?"

గుడంతా నవ్వింది. ఆడవాళ్ళ వైపు కూడా నవ్వారు. బువా పెదవులు కదిలాయి. నవ్వాడో, ఏదో అనబోయాడో ఆమెకు తెలియలేదు.

పదకొండేళ్ళ కిందట ఇదే గచ్చు మీద ఎవరూ నవ్వలేదు. ముత్తెమ్మ ఆ నవ్వు పూర్తయ్యేదాకా నిలబడింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"అట్లయితె నా మొగన్ని రానియ్యిండ్రి."

నవ్వు ఆగింది. బువా తల ఎత్తాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆమె ముఖం చూసి ఆయనకు కష్టమైంది. దానిదేముంది, రమ్మనండి, మాఫీ అన్నాడు. అందరూ సరేనన్నారు. ఎవరో హరి నామం చెప్పారు. తమలపాకుకు సున్నం రాసినంత సేపు పట్టలేదు. జనం లేచి చెప్పులు వెతుక్కున్నారు.

మరునాడు ముత్తెమ్మ కిన్వట్ పోయే రైలెక్కింది. పదకొండేళ్ళలో ఆమె గోకుంద చూడటం అదే మొదలు. కట్టె మిల్లు ఎక్కడని అడిగితే పిల్లలు చూపించారు. మిల్లు వెనక గడ్డి కప్పిన గుడిసె. ముందు నులక మంచం మీద నర్సన్న కూర్చొని ఉన్నాడు. రంపపు పొట్టు ఊపిరితిత్తుల్లో చేరి మనిషి సగమయ్యాడు. దగ్గు వస్తే మంచం పట్టీ పట్టుకుంటున్నాడు.

శివవ్వ ఆమెను గుర్తుపట్టింది. బిందె తీసుకొని బయటికి నడిచింది. పోతూ ఒక్క మాట చెప్పింది. ఈ రోజు ద్వాదశి, నిన్నటి ఉపాసం ఇంకా ఇడవలేదు, జర తినుమని చెప్పమంది.

మాల లేకుండానే అతడు అన్ని ఏకాదశులూ ఉపవాసం ఉన్నాడు. ఆ గుడిసెలో మాంసం వండలేదు. 

ముత్తెమ్మ కింద కూర్చుంది. ఊరు మాఫీ ఇచ్చిందని చెప్పింది. అతని ముఖంలోకి ఏదో వచ్చింది. చాలా ఏళ్ళుగా చూడని వెలుగు లాంటిది. ఎవరు అడిగారు, బువా ఏమన్నాడు అని అడిగాడు. ఆమె అబద్ధం చెప్పగలిగి ఉంటే బాగుండేది. జరిగింది జరిగినట్టు చెప్పింది. పాటిల్ సంగతి, సుందరబాయి సంగతి, నవ్వు సంగతి.

మిల్లులో రంపం ఆగి, మళ్ళీ మొదలైంది.

"నేను రాను."

"ఎందుకు?"

"వాళ్లు నన్ను మాఫీ జేస్తలేరు. ఆయనను మాఫీ జేసుకుంటందుకు నన్ను పక్కన నిలవెడ్తున్నరు." దగ్గు వచ్చింది. తగ్గాక మళ్ళీ చెప్పాడు. "నేను జేసింది తప్పే. తప్పని నేనే చెప్పిన. ఊరు ఏసిన శిక్ష మోసిన. ఇప్పుడు అది నవ్వులాట అంటె, నేను గిన్నేండ్లు ఈడ ఎందుకున్నట్టు? నువ్వు ఆడ ఒక్కదానివి ఎందుకున్నట్టు?"

వచ్చేటప్పుడు రైల్లో దారి పొడుగునా తనను తాను అడుగుతూ వచ్చింది ఆ మాటే.

"ఊరు కోసం ఒద్దు," అంది. "నాకోసం రా."

అతను ఆమె వైపు చూశాడు. కోపం లేదు.

"కొట్టంల ఉన్నన్ని రోజులు దర్వాజ దిక్కే మొఖం పెట్టి పండుకున్న. నువ్వు పిలుస్తవని. ఆ ఒక్క మాట ఆనాడు అంటె ఎవ్వరి మాఫీ లేకున్నా అచ్చేటోన్ని."

"కట్టు ఉండె గదా."

"ఉండె," అన్నాడు. "నేను కాదంటలేను. నువ్వు ఉంచినవ్, నేను మోసిన. మనిద్దరమే మోసినం."

శివవ్వ నీళ్ళతో తిరిగి వచ్చింది. సాయంత్రం రైలుకు ముత్తెమ్మ వెనక్కి వచ్చింది. వస్తున్నాడా అని బువా అడిగాడు. రానన్నాడని చెప్పింది. ఆయన ఊపిరి వదిలాడు.

ఎన్నికల రోజు మాళ్కరులు తాళాలతో వరుసగా బడికి పోయారు. ఆమె పోలేదు. ఆమెను పిలవడానికి కూడా ఎవరూ రాలేదు. వెంకట్రావ్ పాటిల్ గెలిచాడు. ఆ ఊరి ఓట్లలో ఒక్కటి తగ్గింది. అంతకుముందు మాళ్కరుల్లో ఎవరైనా ఏకాదశి నాడు లేచి తమ తప్పు తామే చెప్పుకోవడం ఉండేది. చిన్నవో పెద్దవో. ఆ ఏడు తర్వాత ఆ ఊర్లో ఎవరూ లేవలేదు.

మొదటి వానలకు నర్సన్న పోయాడు. కబురు అందుకొని ముత్తెమ్మ గోకుంద చేరేసరికి గుడిసె ముందు జీపు నిలబడి ఉంది. పాటిల్ పంపాడట. శవాన్ని ఊరికి తెస్తే దిండీ ఎదురు వస్తుందని, భజన పెడతారని బువా చెప్పి పంపాడట. జీపులో పూలదండ ఉంది. డ్రైవరు దాన్ని తీయబోయాడు.

"ఒద్దు," అంది ముత్తెమ్మ. "ఆ మాఫీకి ఆయన ఒప్పుకోలేదు."

డ్రైవరు శివవ్వ వైపు చూశాడు. శివవ్వ ముత్తెమ్మ వైపు చూసింది. జీపు బురదలో తిరిగి వెళ్ళిపోయింది.

మిల్లు కూలీలు నలుగురు పాడె కట్టారు. వాళ్ళలో మాళ్కరి ఎవరూ లేరు, విఠోబా పాట తెలిసినవాళ్ళు లేరు. పాడె ఎత్తేముందు పాట పాడాలి. భజనలో ఒకరు చరణం అంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు. ముత్తెమ్మ చరణం అంది. ఎవరూ అందుకోలేదు. వాన చినుకులు పడుతున్నాయి. కూలీలు తలలు వంచుకొని ఎదురుచూస్తున్నారు. ఆమె కాసేపు ఆగి, అందుకోవలసింది కూడా తానే అందుకుంది. అలా రెండు వైపులా తానే పాడుతూ పాట పూర్తి చేసింది.